ఆవకాయకు భయపడాలా, వక్కపొడికా? తిండి, అలవాట్లు, క్యాన్సర్: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

తిండికీ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒకటిగా చేశాము, పేర్లు ప్రచురించడం లేదు. మైక్రోవేవ్ గురించీ, అల్యూమినియం గిన్నెల గురించీ, చక్కెర గురించీ రాసినవారే ఎక్కువమంది. సిగరెట్టు, జర్దా, మద్యం, నడుము చుట్టుకొలతల గురించి అడిగినవారు బాగా తక్కువ. ముప్పు పరిమాణాన్ని బట్టి చూస్తే ఈ వరుస తలకిందులు కావలసి ఉన్నది.

ప్రశ్న: మాంసాన్నీ సిగరెట్టునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒకే జాబితాలో చేర్చిందని ఒక వీడియోలో చూశాను. మా ఇంట్లో ప్రతి ఆదివారం మటన్ వండుకుంటాము. పిల్లలకు సాసేజ్‌లు, సలామీ కూడా అలవాటయ్యాయి. వీటివల్ల పెద్దపేగు క్యాన్సర్ 18 శాతం పెరుగుతుందన్నది నిజమేనా? (హైదరాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ అంకె సరైనదే, వీడియోలో దానికి చెప్పిన అర్థం మాత్రం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో పనిచేసే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ఉప్పు, నైట్రైట్‌ల వంటివి వేసి నిల్వచేసిన మాంసాన్ని, అంటే సాసేజ్, సలామీ, బేకన్, హామ్ వంటివాటిని, క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. మేక, గొర్రె, పశువు, పంది మాంసాలను దానికి ఒక మెట్టు కింద, 'బహుశా కారకం కావచ్చు' అనే వర్గంలో ఉంచింది. కోడిమాంసం, చేపలు ఆ నిర్ణయం పరిధిలో లేవు. పొగాకు కూడా మొదటి వర్గంలోనే ఉన్నది కనుక రెండూ సమానమని వీడియో తయారుచేసినవారు అనుకున్నట్లున్నారు. ఒక పదార్థానికీ క్యాన్సర్‌కూ సంబంధం ఉన్నదనడానికి సాక్ష్యం ఎంత గట్టిదో ఈ వర్గాలు చెబుతాయి. ముప్పు ఎంత పెద్దదో చెప్పవు. చీమ కుడుతుందన్నదీ తేలు కుడుతుందన్నదీ సమానంగా నిజాలే అయినా రెండింటికీ మందు ఒకటి కాదు కదా.

ఇక 18 శాతం సంగతి. రోజూ 50 గ్రాముల చొప్పున అలా నిల్వచేసిన మాంసం తినేవారిలో, తిననివారితో పోలిస్తే, పెద్దపేగు, మలాశయ క్యాన్సర్లు అంత ఎక్కువగా కనిపించాయన్నది దాని భావం. అమెరికాలో నూరుమందిలో సుమారు నలుగురికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ క్యాన్సర్ వస్తుంది. ఆ నలుగురిపై 18 శాతం పెరిగితే లెక్క ఐదుగురికి కూడా చేరదు. మన దేశంలో ఈ క్యాన్సర్ అక్కడికంటే తక్కువ. దీని పక్కన పొగాకు లెక్క పెట్టి చూడండి: సిగరెట్టు తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చే అవకాశం తాగనివారికంటే 15 నుంచి 30 రెట్లు ఎక్కువ. అక్కడ లెక్క శాతాల్లో లేదు, రెట్లలో ఉన్నది.

కాబట్టి ఆదివారం మటన్ మానుకోవలసిన పని లేదు. వారం మొత్తం మీద వండిన మాంసం మనిషికి 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకుంటే చాలు, మన ఇళ్ళలో ఎక్కువమంది అంత తినరు కూడా. నిప్పుల మీద కాల్చినప్పుడు నల్లగా మాడిన భాగాన్ని తీసివేయండి. పిల్లల సాసేజ్‌ల విషయంలో మాత్రం నేను అంత ఉదారంగా ఉండలేను. అవి రోజువారీ టిఫిన్‌గా మారితే ఆ ఉప్పుకూ ఆ రుచికీ నాలుక అలవాటుపడుతుంది, తర్వాత దొండకాయ కూర, పాలకూర పప్పు చప్పగా తోస్తాయి. పెద్దపేగుకు నిజంగా మేలుచేసే పీచు ఉన్నది ఆ కూరల్లోనూ, పప్పుల్లోనూ, జొన్నలు, కొర్రల వంటి ధాన్యాల్లోనూ.

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. మా అత్తగారు పెళ్ళి కాకముందు నుంచీ అడ్డపొగ తాగుతున్నారు. ఈమధ్య ఆమె అంగిట్లో తెల్లటి మచ్చ, దాని పక్కన ఎర్రగా ఒరిసినట్లు కనిపించింది. నొప్పి లేదంటున్నారు. 'ఇన్నేళ్ళూ కానిది ఇప్పుడేమవుతుంది' అని ఆసుపత్రికి రానంటున్నారు. (ఒక పాఠకురాలు)

జవాబు: అమ్మా, ఈ ఉత్తరాల్లో ఆలస్యం చేయకూడనిది మీదే. ఆమెను ఈ వారంలోనే దంతవైద్యుని దగ్గరకో, చెవి ముక్కు గొంతు వైద్యుని దగ్గరకో తీసుకువెళ్ళండి. నొప్పి లేదన్నది ధైర్యం తెచ్చుకోవలసిన కారణం కాదు, ఎందుకంటే నోటి క్యాన్సర్ తొలిదశలో సాధారణంగా నొప్పి ఉండదు. తెల్లమచ్చకంటే దాని పక్కన మీరు రాసిన ఎరుపు నన్ను ఎక్కువ తొందరపెడుతున్నది.

ఉత్తరాంధ్ర వెలుపలి పాఠకుల కోసం రెండు మాటలు చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకొని పొగ పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల తీరగ్రామాల్లో ఇది ముఖ్యంగా స్త్రీల అలవాటు. గాలికి నిప్పు ఆరిపోదనీ, చుట్ట ఎక్కువసేపు వస్తుందనీ, పని చేసుకుంటూనే తాగవచ్చుననీ చెబుతారు. క్యాన్సర్ పరిశోధన చరిత్రలో మన ప్రాంతానికి దొరికిన విచారకరమైన ప్రసిద్ధి ఇది. ప్రపంచంలో తక్కినచోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా నాలుకకూ బుగ్గకూ వస్తుంటే, ఇక్కడ అరుదైన చోట, అంగిటిపైన, వస్తున్నదని విశాఖపట్నంలోని వైద్యులు గమనించి రాశారు. శ్రీకాకుళం జిల్లాలో పదివేలమందికి పైగా గ్రామస్థుల నోళ్ళను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో వెలువడింది. పొగాకులోని విషాలకు నిప్పు వేడి తోడై అంగిటి పొరను ఏళ్ళ తరబడి కాలుస్తుంది. పొర తెల్లబారడం, చిన్న చిన్న బొడిపెలు లేవడం, వాటి నడుమ ఎర్రటి చుక్కలు, కొన్నిచోట్ల రంగు పోవడం, ఆపైన కొందరిలో పుండు, ఇదీ అక్కడ కనిపించిన క్రమం.

ఇన్నేళ్ళూ కానిది ఇప్పుడేమవుతుందన్న మాటకు జవాబు ఆ అధ్యయనాల్లోనే ఉన్నది: ఏళ్ళు గడిచేకొద్దీ ముప్పు పేరుకుంటుందే తప్ప అలవాటుపడిన నోరు గట్టిపడదు. అదే జిల్లాతోపాటు మరి రెండు జిల్లాల్లో తర్వాతి కాలంలో ఇంటింటికీ తిరిగి పొగాకు మానిపించే ప్రయత్నం చేసినప్పుడు, మానినవారిలో, తగ్గించినవారిలో కొత్త తెల్లమచ్చలు రావడం తగ్గింది. అరవై ఏళ్ళ వయసులో మానినా లాభం ఉంటుందని ఆమెకు చెప్పవచ్చు.

వైద్యుడు మచ్చనుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతానంటే వద్దనకండి. ముక్క తీస్తే జబ్బు ముదురుతుందన్న మాట ఊళ్ళలో గట్టిగా పాతుకుపోయింది, అందులో నిజం లేదు. చుట్ట లాక్కోవడం, మనవల ముందు మందలించడం వంటివాటివల్ల దాచుకొని తాగడమే మిగులుతుంది. నికోటిన్ చూయింగ్ గమ్, బిళ్ళలు ఉన్నాయి, వైద్యుడు చెప్పిన మోతాదులో వాడవచ్చు. నోట్లో పుండు ఉంటే ఏది మేలో ఆయననే అడగండి.

ప్రశ్న: నాకు సిగరెట్టు, గుట్కా అలవాట్లు లేవు. భోజనం తర్వాత వక్కపొడి మాత్రం తప్పనిసరి, ప్రయాణాల్లో ఇంకా ఎక్కువ. పొగాకు కలపని వక్కపొడితో ప్రమాదం లేదని దుకాణదారు అంటున్నాడు. (గుంటూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దుకాణదారు మాట 2004కు ముందైతే చర్చకు నిలిచేదేమో. ఆ సంవత్సరం వెలువడిన నివేదికలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పొగాకు లేని తాంబూలాన్నీ, విడిగా వక్కనూ కూడా మొదటి వర్గంలో చేర్చింది. వక్కలోని అరెకోలిన్ అనే పదార్థం నోటి లోపలి మెత్తని పొర కింద నారలాంటి కణజాలాన్ని పెంచుతుంది. బుగ్గలు బిగుసుకుపోతాయి, కారం తగిలితే మంట పుడుతుంది, క్రమంగా నోరు మూడు వేళ్ళు పట్టేంత కూడా తెరుచుకోదు. అలా బిగిసిన నోటిని పూర్తిగా యథాస్థితికి తేగల మందు లేదు, అటువంటి నోళ్ళలో కొన్ని క్యాన్సర్‌కు దారితీస్తాయి. సున్నం కలిస్తే రసాయన చర్య మరింత తీవ్రమవుతుంది. మన దేశంలో పురుషులకు అన్నిటికంటే ఎక్కువగా వస్తున్నది నోటి క్యాన్సరే అయినప్పుడు, పొగాకు లేదు కదా అన్న ఒక్క కారణంతో వక్కను మంచివాళ్ళ జాబితాలో వేయలేము.

పెళ్ళిలోనో పేరంటంలోనో చేతికిచ్చే తాంబూలం గురించి నేను మాట్లాడటం లేదు. ఏడాదికి నాలుగుసార్లు నమిలిన వక్కకూ, రోజూ జేబులో నుంచి తీసి బుగ్గన పెట్టుకునే పొట్లానికీ చాలా తేడా ఉన్నది. భోజనం తర్వాత నోటికి ఏదో ఒకటి కావాలంటే సోంపు, లవంగం, యాలకులు ఉన్నాయి. నేను మీరైతే ముందు అద్దం ముందు నిలబడి నోరు ఎంత తెరుచుకుంటున్నదో చూసుకుంటాను.

ప్రశ్న: పచ్చళ్ళు తింటే కడుపులో క్యాన్సర్ వస్తుందని మా కోడలు ఇంట్లో ఆవకాయ పెట్టనివ్వడం లేదు. మా వంశంలో ఎవరికీ ఆ జబ్బు లేదు. ఇది నిజమా? (కాకినాడ నుంచి ఒక గృహిణి)

జవాబు: అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పే సాహసం చేయను కానీ, మీ కోడలి మాటలో సగం నిజం ఉన్నది. ఉప్పులో ఊరవేసిన ఆహారం ఎక్కువగా తినే జపాన్, కొరియా, చైనా దేశాల్లో జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువ. అక్కడ ఉప్పులో ఊరి, పులిసిన కూరగాయలను అంతర్జాతీయ సంస్థ 'కారకం కావడానికి అవకాశం ఉన్నది' అనే బలహీనమైన వర్గంలో ఉంచింది. అవి మన ఆవకాయ కావు. ఆవపిండి, కారం, నూనెలతో కలిపే మన మామిడి పచ్చడి మీద అటువంటి తీర్పేదీ లేదు. కానీ ఉప్పు ఎక్కడైనా ఉప్పే. ఎక్కువ ఉప్పు జీర్ణాశయం లోపలి రక్షక పొరను దెబ్బతీస్తుంది, హెలికోబాక్టర్ పైలోరై అనే బాక్టీరియా అక్కడ స్థిరపడటానికి వీలు కలుగుతుంది. జీర్ణాశయ క్యాన్సర్‌కు ఆ బాక్టీరియా ముఖ్య కారణమని 1994లోనే గుర్తించారు.

రోజుకు మనిషికి మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచాడు, దాటకూడదు. పప్పులో, కూరలో, చారులో, మజ్జిగలో వేసుకున్న ఉప్పుకు తోడు రెండుపూటలా ఆవకాయ ముద్దలు, మధ్యలో అప్పడం, ఊరమిరపకాయ చేరితే ఆ చెంచా ఎప్పుడో పొంగిపోతుంది. అందుచేత కోడలు ఆవకాయ పెట్టనివ్వాలి, మీరు ఒక్కపూట ఒక్క ముక్కతో సరిపెట్టుకోవాలి. జాడీలో పైన తెల్లగానో పచ్చగానో బూజు కనిపిస్తే దాన్ని తీసివేసి కిందిది వాడే అలవాటు మానండి. వంశంలో ఎవరికీ లేదన్నది మాత్రం ఈ విషయంలో పెద్ద రక్షణ కాదు.

ప్రశ్న: నా భర్తకు పెద్దపేగు క్యాన్సర్‌కు కీమోథెరపీ జరుగుతున్నది. క్యాన్సర్‌కు చక్కెరే ఆహారమనీ, దాన్ని ఆపితే కణితి ఎండిపోతుందనీ చెప్పి మా బంధువులు ఆయనకు అన్నం, పండ్లు, పాలు మాన్పించారు. ఆకురసాలూ కషాయాలూ ఇస్తున్నారు. రెండు నెలల్లో బాగా చిక్కిపోయారు. (కరీంనగర్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: ఈ పథ్యాన్ని ఇవాళే ఆపండి. బంధువుల మాటకు మూలం 1920లలో జర్మన్ శాస్త్రవేత్త ఒట్టో వార్‌బర్గ్ గమనించిన ఒక వాస్తవం: క్యాన్సర్ కణాలు మామూలు కణాలకంటే ఎక్కువ గ్లూకోజును లాగుకుంటాయి. కణితులు ఎక్కడ ఉన్నాయో చూపే పెట్ స్కాన్ ఆ లక్షణం మీదే ఆధారపడి పనిచేస్తుంది. అక్కడినుంచి 'చక్కెర ఆపితే కణితి చస్తుంది' అనే ముగింపుకు వెళ్ళడానికి దారి లేదు. మెదడుకూ, గుండెకూ, రక్తకణాలకూ కూడా గ్లూకోజు కావాలి. తిండిలో అందకపోతే శరీరం తన కండను కరిగించి తయారుచేసుకుంటుంది, రక్తంలో దాని మట్టాన్ని నిలబెట్టుకుంటుంది. కణితికి అందవలసింది అందుతూనే ఉంటుంది, కరిగేది మీవారి కండ.

ఆ చిక్కిపోవడమే ఇప్పుడు ఆయనకు ప్రమాదం. బరువు బాగా తగ్గిన రోగి కీమోను తట్టుకోలేడు, మోతాదు తగ్గించవలసి వస్తుంది, వాయిదాలు పడతాయి. గుడ్లు, పప్పు, పెరుగు, చేప, కోడి, ఏది సహిస్తే అది, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు పెట్టండి. అన్నం పెట్టండి. నోరు పూసి ఉంటే మెత్తగా పెరుగన్నం చేసి కారం తగ్గించండి. తెల్లరక్తకణాలు పడిపోయిన రోజుల్లో పచ్చి ఆకురసాలు, వీధి పళ్ళరసాలు వద్దు, వాటితో వచ్చే విరేచనాలు ఆసుపత్రిలో చేర్చేదాకా తీసుకువెళ్ళగలవు. కషాయాల్లో ఏమేమి వేస్తున్నారో ఆయన క్యాన్సర్ వైద్యునికి దాచకుండా చెప్పండి. కొన్ని మూలికలు కాలేయంలో మందుల నడకను మార్చివేస్తాయి.

చక్కెరను అతిగా తింటే ఒళ్ళు వస్తుంది, ఆ ఒంటివల్ల క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు శీతల పానీయాలు తగ్గించుకోవలసింది అందుకు. జబ్బుపడి చిక్కిన మనిషికి ఆ సూత్రాన్ని అప్పజెప్పడం న్యాయం కాదు.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుడిని. క్యాన్సర్ రాకుండా రోజూ పసుపు గుళికలు, విటమిన్ ఇ, యాంటీ ఆక్సిడెంట్ల మాత్రలు వాడుతున్నాను. మేలే కానీ హాని లేదు కదా? (నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: హాని లేదని చెప్పలేనందుకు మన్నించండి మాస్టారూ. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని చూసి, అందులోని బీటా కెరోటిన్‌ను మాత్రగా ఇస్తే సరిపోతుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలు కూడా ఆశించారు. ఫిన్లాండ్‌లో పొగతాగే పురుషులు 29,133 మందిపై ఆ ప్రయోగం చేశారు. 1994లో ఫలితం వెలువడినప్పుడు, బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా తేలింది. అమెరికాలో అటువంటిదే మరో ప్రయోగాన్ని, మాత్రలు తీసుకున్నవారిలో క్యాన్సర్ 28 శాతం ఎక్కువగా కనిపించడంతో, 1996లో మధ్యలోనే ఆపివేశారు. మీరు వాడుతున్న విటమిన్ ఇ ని ప్రోస్టేట్ క్యాన్సర్ నివారణ కోసం 35,000 మందికి పైగా పురుషులపై పరీక్షించారు. 2011లో తేలిందేమంటే, అది తీసుకున్నవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువ. ఆహారం గురించి జరిగిన పరిశోధనల్లో చాలావరకు ఎవరేమి తింటున్నారో అడిగి, తర్వాత ఎవరికి జబ్బు వచ్చిందో చూసినవి. ఇవి మాత్రం కొందరికి అసలు మాత్ర, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి పోల్చినవి, అందుచేత వీటి మాటకు బరువు ఎక్కువ.

పసుపులోని కర్క్యుమిన్ గాజు పాత్రల్లోని కణాల మీద ఎన్నో మంచి పనులు చేస్తుంది. పేగులోనుంచి రక్తంలోకి వెళ్ళేది మాత్రం అతి స్వల్పం. మనుషుల్లో క్యాన్సర్‌ను నివారిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. గుళికల్లో ఎక్కువగా తీసుకున్న కొందరిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు వైద్య పత్రికలకు ఎక్కాయి. పప్పులో చిటికెడు పసుపు వేసుకోండి, అది మన వంట. గుళికల డబ్బుతో జామకాయలూ కమలాలూ కొనుక్కోండి. రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి 400 గ్రాములకు తగ్గకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బంగాళాదుంప అందులోకి రాదు.

ప్రశ్న: ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఉంటున్నాము. ఇక్కడికి వచ్చినవారికి క్యాన్సర్ ఎక్కువగా వస్తుందంటారు, నిజమా? గుండెకు మంచిదని నేనూ నా భార్యా రాత్రిపూట ఒక గ్లాసు రెడ్ వైన్ తాగుతాము. (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చోటు మారితే క్యాన్సర్ల వరుస మారుతుందన్నది నిజమే. జపాన్ నుంచి హవాయికి వలస వెళ్ళిన కుటుంబాల్లో జీర్ణాశయ క్యాన్సర్ తగ్గుతూ, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లు పెరుగుతూ వచ్చాయి. జన్యువులు వారితోపాటు ఓడెక్కి వచ్చినవే, మారినవి తిండి, పని, శరీరపు బరువు, పిల్లల సంఖ్య. తిండి, అలవాట్ల ప్రభావం ఎంతటిదో శాస్త్రవేత్తలు మొదట గ్రహించినది ఇటువంటి వలసల వల్లనే. మీరు మోసుకువెళ్ళిన సాంబారు మిమ్మల్ని కాపాడటం లేదని కాదు, కారులో కూర్చొని, కుర్చీలో కూర్చొని, సోఫాలో కూర్చొని గడిపే రోజు దాని మేలును తినివేస్తున్నది.

వైన్ విషయంలో సూటిగా చెబుతాను. మద్యాన్ని మొదటి వర్గంలో చేర్చింది 1988లో. నోరు, గొంతు, స్వరపేటిక, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము క్యాన్సర్లకు దానితో సంబంధం ఉన్నది. రెడ్ వైన్, బీరు, విస్కీ, ఇక్కడి కల్లు, ఏదైనా శరీరం అందులోని ఆల్కహాలును అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది, అది కణాల్లోని డీఎన్ఏను గాయపరుస్తుంది. రోజుకు 10 గ్రాముల ఆల్కహాలు, అంటే ఒక చిన్న గ్లాసు వైన్, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ముప్పును 7 నుంచి 10 శాతం పెంచుతుంది. కాబట్టి ఆ గ్లాసు ముందు మీకంటే మీ శ్రీమతికి అనవసరం. క్యాన్సర్ పరంగా ఇంతవరకు తాగితే ఫరవాలేదని చెప్పదగిన హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2023లో ప్రకటించింది. గుండె కోసమైతే ఆ సమయంలో ఇద్దరూ అరగంట నడవండి.

బరువు గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. అధిక కొవ్వుకు 13 రకాల క్యాన్సర్లతో సంబంధం ఉన్నదని 2016లో నిర్ధారించారు. ముట్లుడిగిన స్త్రీలలో ఈస్ట్రోజన్ ముఖ్యంగా కొవ్వు కణజాలంలోనే తయారవుతుంది, రొమ్ము, గర్భాశయ క్యాన్సర్లకు అది ఎరువు. మనవారికి పొట్ట చుట్టూ కొవ్వు తొందరగా చేరుతుంది కనుక హద్దులు వేరు: పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 దాటకూడదు. అక్కడి వైద్యులు అమెరికన్ల కొలతతో చూసి మీరు బాగానే ఉన్నారని చెప్పవచ్చు. ఇంట్లో టేపుతో కొలుచుకోండి.

కొన్ని చిన్న ప్రశ్నలకు చిన్న జవాబులు: మైక్రోవేవ్‌లో వేడిచేసిన అన్నంలో రేడియేషన్ మిగలదు, క్యాన్సర్ రాదు. అల్యూమినియం గిన్నెల్లో వండుకుంటే క్యాన్సర్ వస్తుందనడానికి ఆధారం లేదు. డయట్ పానీయాల్లోని ఆస్పర్టేమ్‌ను 2023లో బలహీనమైన అనుమానపు వర్గంలో చేర్చారు కానీ, కిలో బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాములన్న పాత హద్దును మార్చలేదు. 70 కిలోల మనిషి ఆ హద్దు దాటాలంటే రోజుకు తొమ్మిది డబ్బాలకు పైగా తాగాలి. కాఫీ తప్పు చేయలేదు. 65 డిగ్రీలకు మించిన వేడిలో ఏది తాగినా అన్నవాహికకు మంచిది కాదు, కాబట్టి పొగలు తగ్గేదాకా ఆగండి. ఒకసారి బజ్జీలు వేసిన నూనెను నల్లబడేదాకా మళ్ళీ మళ్ళీ కాచవద్దు.

ప్రశ్న: మా అమ్మ శాకాహారి. తెల్లవారుజామునే లేచేది, నడిచేది, బయటి తిండి ముట్టేది కాదు. ఆమెకు 52వ ఏట రొమ్ము క్యాన్సర్ వచ్చింది. ఎక్కడ తప్పు జరిగిందో అర్థం కాక అమ్మ రోజూ ఏడుస్తున్నది. నేనేం చేయాలి? (తెనాలి నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తప్పు జరిగిందన్న ఊహనే ముందు పక్కనపెట్టండి. అలవాట్లను సరిదిద్దుకోవడం ద్వారా, టీకాల ద్వారా నివారించదగినవి మొత్తం క్యాన్సర్లలో 30 నుంచి 50 శాతమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. తక్కిన సగానికి పైగా వేరే కారణాలు ఉన్నాయి: వయసు, వారసత్వం, కణం విభజన చెందేటప్పుడు కాకతాళీయంగా జరిగే పొరపాట్లు. రొమ్ము క్యాన్సర్ విషయంలో చిన్న వయసులో రజస్వల కావడం, ముట్లు ఆలస్యంగా ఆగడం వంటివి కూడా లెక్కలోకి వస్తాయి, వాటిలో ఏదీ ఆమె చేతిలోది కాదు. పైన నేను రాసిన శాతాలన్నీ వేలమందిని కలిపి చూసినప్పుడు తేలినవి. ఫలానా మనిషికి ఫలానా కారణంవల్ల వచ్చిందని వాటితో చెప్పడం సాధ్యం కాదు. పరామర్శకు వచ్చి 'ఏం తిన్నావమ్మా' అని ఆరాతీసేవారిని గుమ్మం దగ్గరే ఆపే హక్కు మీకు ఉన్నది. నడక, మంచి తిండి ఆమెకు వృథా పోలేదు. చికిత్సను తట్టుకోవడానికి ఆ శరీరమే ఇప్పుడు అక్కరకు వస్తుంది.

మీ సంగతి కూడా చూసుకోవాలి. మీ అమ్మమ్మ వైపు, తాతయ్య వైపు మరెవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే జన్యు పరీక్ష గురించి అమ్మ వైద్యుని అడగండి. 40 దాటాక మామోగ్రామ్ ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా ఆయనతోనే నిర్ణయించుకోండి.

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. వేరుశనగ పండిస్తాము, ఇంటికి గానుగ నూనె ఆడించుకుంటాము. బూజు పట్టిన కాయల్లో క్యాన్సర్ విషం ఉంటుందని వ్యవసాయాధికారి చెప్పారు. వేయిస్తే పోతుందా? (ఒక రైతు)

జవాబు: అధికారి చెప్పింది అఫ్లాటాక్సిన్ గురించి. ఇంగ్లండ్‌లో 1960లో లక్షకు పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చనిపోతే, వాటి దాణాలోని వేరుశనగ పిండిని పరిశీలించినప్పుడు ఈ విషం బయటపడింది. మన దేశంలో 1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో మరణించారు. ఆ మరణాలకు కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చినవారు హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు. అది ఒక్కసారిగా ఎక్కువ మోతాదు పడటంవల్ల జరిగిన విపత్తు. ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా పడితే కాలేయ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, హెపటైటిస్ బి ఉన్నవారికి అది ఎన్నో రెట్లు అవుతుంది. మీ ఇంట్లో పిల్లలకు ఆ టీకా పడిందో లేదో చూసుకోండి.

వేయించినా ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు, అది వంట వేడికి లొంగే రకం కాదు. దాన్ని పొలంలోనూ కళ్ళంలోనూ ఆపాలి. మీ ప్రాంతంలో కాయ ఊరే దశలో వాన మొహం చాటేయడం మామూలే, ఆ బెట్టలోనే బూజు కాయలోకి చొరబడుతుంది. పీకిన చెట్టును తడిగా వామి వేయకండి, కాయలు నేలకు తగలకుండా ఆరబెట్టండి, తేమ 8 శాతానికి తగ్గాక, గింజ కదిపితే గలగలమన్నాక, బస్తాలకు ఎత్తండి. పారకు తెగిన కాయలు, పురుగు తిన్నవి, తాలు కాయలు, రంగు మారిన పప్పు వేరుచేయండి. విషంలో ఎక్కువ భాగం వాటిలోనే ఉంటుంది కనుక ఏరివేతకు పట్టిన శ్రమ ఊరికే పోదు. ఏరిన వాటిని పారవేయడానికి మనసొప్పక గానుగకు పంపే అలవాటు మన రైతులకు ఉన్నది, అది వద్దు. శుద్ధి చేయని గానుగ నూనెలోకి కొంత విషం దిగుతుంది, ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్కను పాడి పశువుకు పెడితే విషం మరో రూపంలో పాలలోకి వస్తుంది, ఆ పాలు తాగేది మీ పిల్లలే కనుక దాన్ని మేతలో కలపవద్దు.